ఉపాధ్యాయులకు పాఠం చెప్పిన లూయీ అగాసీ

విద్యాశాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన మనబోటి వారికి ఉపాధ్యాయుల వేసవి శిక్షణ తరగతులు అనగానే ముందుగా గుర్తుకు వచ్చేవి కాగితాలే. ఎవరిని డెప్యూట్ చేయాలి, ఎవరిని రిలీవ్ చేయాలి, హాజరు సర్టిఫికెట్ జతపరిచారా లేదా, టి.ఏ. బిల్లు ఏ హెడ్డు కింద పాస్ చేయాలి అన్నవే మన చర్చలు. గుమాస్తాగా నేను ఇటువంటి ఫైళ్లు చాలా నడిపాను. పది రోజుల తరగతికి వెళ్లి వచ్చిన సైన్సు మాస్టారు అక్కడ ఏమి నేర్చుకున్నారో, తిరిగి వచ్చి పిల్లలకు ఏమి చెప్పారో ఆ ఫైళ్లలో ఎక్కడా ఉండేది కాదు. దానికి కాలమ్ లేదు. అసలు ఉపాధ్యాయులను వేసవి సెలవుల్లో ఒకచోట చేర్చి పాఠం చెప్పాలనే ఆలోచన ఎలా మొదలైందో తెలుసుకోవాలని రిటైరైన తరువాత చదవటం మొదలుపెట్టాను. ఆ చదువులో ఎదురైన మహానుభావుడు లూయీ అగాసీ. ఆయన జీవితాన్ని మన సభ్యులకు, వారి కుటుంబాలకు క్లుప్తంగా పరిచయం చేయాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఆయనలో మెచ్చుకోదగినవీ, ఖండించదగినవీ రెండూ ఉన్నాయి. రెండూ చెబుతాను.

అగాసీ 1807 మే 28న స్విట్జర్లాండులో మోటియే అనే చిన్న గ్రామంలో జన్మించారు. తండ్రి ప్రొటెస్టెంటు చర్చిలో పాస్టరు. ఇంటి దగ్గర సరస్సు ఉండటం వల్ల చిన్నతనం నుండి చేపలంటే ఆయనకు ఎంతో ఆసక్తి. కుటుంబం వారు డాక్టరు కమ్మన్నారు. జ్యూరిక్, హైడెల్‌బర్గ్, మ్యూనిక్ నగరాలలో చదివి 1830లో వైద్య పట్టా పుచ్చుకున్నారు కాని మనసంతా ప్రకృతి శాస్త్రం మీదనే. వైద్య పట్టా చేతికి రాకముందే, 1829లో, బ్రెజిల్ దేశపు చేపల మీద ఒక గ్రంథం ప్రకటించారు.

తరువాత పారిస్ చేరారు. అక్కడ కువియే అనే మహా శాస్త్రవేత్త ఈ కుర్రవాడి శ్రద్ధ చూసి, తాను శిలాజ చేపల మీద సేకరించి పెట్టుకున్న సమాచారాన్ని అతనికి అప్పగించారు. శిలాజం అంటే రాతిలో మిగిలిపోయిన పూర్వకాలపు ప్రాణి గుర్తు. కువియే 1832లో మరణించారు. అదే సంవత్సరం హంబోల్ట్ అనే మరొక పెద్దాయన సహాయంతో అగాసీకి స్విట్జర్లాండులోని న్యూషటెల్ పట్టణంలో ప్రొఫెసరు ఉద్యోగం దొరికింది. జీతం తక్కువ, పని ఎక్కువ. 1833 నుండి 1843 వరకు పదేళ్లపాటు శిలాజ చేపల మీద పెద్ద గ్రంథం భాగాలు భాగాలుగా వెలువరించారు. దానితో ఆయన పేరు ఐరోపా అంతటా తెలిసింది.

భూవిజ్ఞాన శాస్త్రంలో ఆయన పేరు నిలిచింది మాత్రం చేపల వల్ల కాదు, మంచు వల్ల. ఆల్ప్స్ పర్వతాలలో హిమానీనదాలు ఉంటాయి. అంటే మంచు గడ్డకట్టి, నదివలె లోయలోకి మెల్లగా జారుతూ ఉంటుంది. ఆ పర్వతాలకు ఎంతో దూరంలో, మైదానాలలో, ఆ చోటికి సంబంధంలేని పెద్ద పెద్ద బండరాళ్లు పడి ఉండేవి. అవి ఎలా వచ్చాయి? వరదలో కొట్టుకు వచ్చాయని పండితులు అనేవారు. పెరోడాన్ అనే ఒక కొండప్రాంతపు వేటగాడు మాత్రం ఒకప్పుడు హిమానీనదాలు చాలా పెద్దవిగా ఉండేవనీ, అవే ఈ రాళ్లను మోసుకొచ్చాయనీ 1815లో షార్పాంటియే అనే గనుల అధికారికి చెప్పాడు. ఆయన నమ్మలేదు. తరువాత వెనెట్జ్ అనే ఇంజనీరు అదే మాట ఆధారాలతో చెప్పినప్పుడు నమ్మారు. 1836 వేసవిలో అగాసీ ఆ షార్పాంటియే ఊరికి వెళ్లారు. వారి అభిప్రాయం తప్పని తేల్చాలనే వెళ్లారు. కొండల మీద రాళ్లపై పడిన గీతలు, నున్నగా అరిగిన రాతి ముఖాలు, లోయ చివర రాళ్ల గుట్టలు స్వయంగా చూశాక తానే అభిప్రాయం మార్చుకుని తిరిగి వచ్చారు.

మరుసటి సంవత్సరం, 1837 జూలైలో, న్యూషటెల్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభకు అగాసీ అధ్యక్షుడు. అందరూ చేపల గురించి మాట్లాడతారనుకుంటే ఆయన మంచుయుగం గురించి మాట్లాడారు. ఒకప్పుడు ఉత్తర ధ్రువం నుండి ఐరోపాలో చాలా భాగం వరకు మంచు కప్పి ఉండేదని చెప్పారు. సభ్యులు చాలామంది ఒప్పుకోలేదు. హంబోల్ట్ కూడా ఈ మంచు సంగతి విడిచిపెట్టి చేపల పని చూసుకోమని హితవు చెప్పారు. అగాసీ వినలేదు. 1840లో హిమానీనదాల మీద పుస్తకం ప్రచురించి, దానిని వెనెట్జ్, షార్పాంటియే ఇద్దరికీ అంకితమిచ్చారు. అయినా, షార్పాంటియే ఎంతోకాలంగా వ్రాసుకుంటున్న పుస్తకం 1841లో గాని రాలేదు. అగాసీ ముందే ప్రకటించారన్న బాధ ఆయనకు మిగిలింది. మంచుయుగం అనే పేరు పెట్టిన షింపర్ అనే మిత్రునికి కూడా తగిన గుర్తింపు దక్కలేదు. ఆఫీసులో నోటు ఒకరు వ్రాస్తే సంతకం మరొకరు చేయటం మనకు కొత్త కాదు గనుక ఈ సంగతి మనకు సులభంగా అర్థమవుతుంది.

కాని అగాసీ కేవలం ఇతరుల మాట ఎత్తుకుని చెప్పిన మనిషి కాదు. 1840 నుండి ప్రతి వేసవిలోను మిత్రులతో కలిసి ఉంటరార్ హిమానీనదం మీదనే కాపురం పెట్టారు. ఒక పెద్ద బండరాయి నీడలో గోడ కట్టుకుని అందులో ఉండేవారు. దానికి సరదాగా హోటల్ అని పేరు పెట్టుకున్నారు. మంచులో అడ్డంగా వరుసగా కొయ్యలు పాతి, అవి ఎంత జరిగాయో కొలిచారు. అంచుల దగ్గరి కంటే నడుమ మంచు వేగంగా కదులుతుందని ఆ కొలతలు చూపించాయి. అంతకు ముందు 1827లో హూగి అనే స్విస్ పరిశోధకుడు ఆ మంచు మీద ఒక గుడిసె వేశారు. 1841లో అగాసీ కొలిచి చూస్తే అది 14 ఏళ్లలో సుమారు 1,400 మీటర్లు కిందికి జరిగింది. కట్టిన గుడిసె కట్టినట్లే ఉంది, కింద నేల అనుకున్నదే నడిచిపోయింది! అదే సంవత్సరం హిమానీనదం లోపల ఎలా ఉంటుందో చూడాలని ఒక మంచు బావిలోకి తాడు కట్టుకుని దిగారు. సుమారు 120 అడుగుల లోతున కాళ్లు చల్లని నీటిలో మునిగేసరికి పైకి లాగమని కేక వేశారు. పుస్తకంలో చదివినది సరిపోదు, వస్తువు దగ్గరకు మనమే వెళ్లి చూడాలన్న ఆయన పట్టుదల ఇక్కడ కనిపిస్తుంది. ఆయన ఉపాధ్యాయులకు తరువాత నేర్పినది కూడా ఇదే.

1840లోనే ఆయన స్కాట్లండు వెళ్లారు. అక్కడ గ్లెన్ రాయ్ అనే లోయలో కొండ పక్కల సమాంతరంగా మెట్లవలె గీతలు ఉన్నాయి. అవి ఒకప్పటి సముద్ర తీరాలని చార్లెస్ డార్విన్ అంతకు ముందే, 1839లో, వ్యాసం ప్రకటించారు. అగాసీ చూసి, అవి హిమానీనదం అడ్డుకట్ట వేయగా నిలిచిన సరస్సు గట్లని చెప్పారు. అగాసీ మాటే సరైనది. డార్విన్ ఇరవై ఏళ్ల తరువాత తన వ్యాసం పెద్ద పొరపాటని నిస్సంకోచంగా ఒప్పుకున్నారు. ఈ సంగతి పాఠకులు దయచేసి జ్ఞాపకం ఉంచుకోండి. ముందు దీని అవసరం ఉంది.

పుస్తకాలు అచ్చు వేయటానికి అగాసీ సొంతంగా ముద్రణాలయం పెట్టి అప్పులపాలయ్యారు. భార్య సిసీల్ పిల్లలతో పుట్టింటికి వెళ్లిపోయారు. ప్రష్యా రాజు ఇచ్చిన ఆర్థిక సహాయంతో 1846లో అగాసీ అమెరికా ప్రయాణమయ్యారు. బోస్టన్‌లో ఉపన్యాసాలు ఇచ్చారు. ఇంగ్లీషు ఆయనకు సరిగా రాదు. మాట దొరకనప్పుడు సుద్దముక్కతో బోర్డు మీద బొమ్మ వేసి చూపేవారు. జనం విరగబడి వచ్చారు. 1847లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జంతు, భూగర్భ శాస్త్రాల ప్రొఫెసరు పదవి లభించింది. 1848లో సిసీల్ మరణించారు. 1850లో ఎలిజబెత్ కేరీ అనే విదుషీమణిని వివాహం చేసుకున్నారు. ఆమె 1855లో ఇంటి మేడ మీదనే బాలికలకు పాఠశాల తెరిచి ఎనిమిదేళ్లు నడిపారు. దాని ఆదాయంతో అప్పులు తీరాయి. అగాసీ కూడా అక్కడ రోజూ పాఠం చెప్పేవారు. ఆ ఎలిజబెత్ గారే 1894లో రాడ్‌క్లిఫ్ మహిళా కళాశాల మొదటి అధ్యక్షురాలయ్యారు. భర్త జీవితచరిత్ర కూడా ఆమే వ్రాశారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆనాటి అమెరికా పాఠశాలల్లో భూగోళమంటే ఊళ్ల పేర్లు, నదుల పేర్లు కంఠస్థం చేయటం. సైన్సు అంటే పుస్తకంలోని పేరా అప్పజెప్పటం. పంతులు గారికి కూడా అంతకు మించి తెలియదు, ఎందుకంటే ఆయనకూ అలాగే చెప్పారు. అప్పటికే మాసచుసెట్స్ రాష్ట్ర విద్యామండలి ఉపాధ్యాయులను కొద్దిరోజులు ఒక ఊళ్లో చేర్చి తరగతులు పెట్టేది. న్యూషటెల్‌లో అగాసీకి సహోద్యోగి, హిమానీనదాల పరిశీలనలో తోడుగా ఉన్న ఆర్నాల్డ్ గీయో 1848లో అమెరికా రాగా, ఆయనను ఆరేళ్లపాటు ఈ తరగతులలో భూగోళం చెప్పటానికి మండలి నియమించింది. పేర్ల జాబితా కాకుండా పర్వతం, గాలి, వాన, నది ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో ఉపాధ్యాయులకు చెప్పటం ఆయన పద్ధతి. అగాసీ కూడా ఆ తరగతులకు వెళ్లేవారు. ఒకచోట కీటకాల పాఠం చెప్పవలసి వచ్చి, జాడీ నిండా మిడతలు తెచ్చి ఉపాధ్యాయులు, ఉపాధ్యాయినులు తలా ఒకటి చేత పట్టుకోవాలన్నారు. మొదట నవ్వులు, ఇబ్బంది. ఎవరి చేతిలోది కింద పడినా, దానిని తిరిగి పట్టుకునేవరకు పాఠం ఆపేవారు. కాసేపటికి అందరి చూపూ చేతిలోని మిడత మీదనే నిలిచింది.

తన సొంత విద్యార్థులతోనూ ఇదే పద్ధతి. స్కడ్డర్ అనే కుర్రవాడు చేరగానే సారాయిలో ఊరిన ఒక చేపను ముందు పెట్టి చూడమని వెళ్లిపోయారు. భూతద్దం లేదు, పుస్తకం లేదు, పక్కవాడిని అడగకూడదు. పది నిమిషాల్లో అంతా చూశాననుకున్న కుర్రవాడు గంటలు గడిచాక బొమ్మ గీయటం మొదలుపెట్టి, అప్పుడు గాని అసలు సంగతులు గమనించలేదు. మూడు రోజులు ఆ చేపే! షేలర్ అనే మరొక విద్యార్థికీ ఇదే జరిగింది. ఆ షేలర్ తరువాత హార్వర్డ్‌లో భూగర్భశాస్త్ర ప్రొఫెసరై పేరు తెచ్చుకున్నారు.

1869లో అగాసీకి మెదడులో రక్తస్రావం వచ్చి నెలల తరబడి మంచాన ఉన్నారు. వైద్యులు విశ్రాంతి తీసుకోమన్నారు. కాస్త కోలుకోగానే 1871 డిసెంబరులో హాస్లర్ అనే ఓడలో దక్షిణ అమెరికా చుట్టూ ప్రయాణం చేసి, మజిలాన్ జలసంధి దగ్గర హిమానీనదాలు చూసి 1872లో తిరిగి వచ్చారు. ఆరోగ్యం బాగుపడలేదు. మనలో ఎవరైనా అయితే ఇక చాలుననుకుంటాం. 1872 చివర ఆయన ఒక ప్రకటన వెలువరించారు. వచ్చే వేసవిలో సముద్రతీరాన ముఖ్యంగా పాఠశాల ఉపాధ్యాయుల కోసం ప్రకృతి శాస్త్ర తరగతులు నడుపుతామని దాని సారాంశం. ఈ ఆలోచన వెనుక షేలర్ కూడా ఉన్నారు. చోటు లేదు, డబ్బు లేదు. 1873 మార్చిలో ఆయన విజ్ఞప్తిని పత్రికలో చదివిన జాన్ ఆండర్సన్ అనే న్యూయార్కు వర్తకుడు బజార్డ్స్ బే అనే అఖాతంలోని పెనికీస్ దీవిని, అందులోని తన ఇంటిని, పశువుల కొట్టంతో సహా, దానితో పాటు 50,000 డాలర్లను విరాళంగా ఇచ్చారు. ఆండర్సన్‌తో అగాసీకి అంతవరకు ముఖపరిచయం కూడా లేదు.

జూలై 8న తరగతులు మొదలు కావాలి. కొన్ని రోజుల ముందు అగాసీ దీవికి వెళ్లి చూస్తే బస గదులకు ఇంకా నేల పలకలు వేయలేదు. మరునాడు ఆదివారం, వారికి అది పని చేయని రోజు. ఆయన వడ్రంగులందరినీ పిలిచి, ఈ పని ఎవరికీ లాభం కోసం కాదనీ, చదువు కోసమనీ చెప్పి సహాయం కోరారు. వారంతా ఆదివారం కూడా పనిచేయటానికి ఒప్పుకున్నారు. పశువుల కొట్టం కడిగి, పక్షి గూళ్ల కింద బల్లలు వేసి భోజనశాల చేశారు. సుమారు యాభై మంది స్త్రీ పురుషులు స్టీమరులో దీవికి చేరారు. ఎక్కువమంది పాఠశాలల్లో పాఠాలు చెప్పేవారే. స్త్రీలను చేర్చుకోవటం కొందరికి నచ్చలేదు. అగాసీ పట్టించుకోలేదు. మొదటి రోజు ఆయన మతాచార్యుని ఎవరినీ పిలవకుండా, ఎవరి మనసులో వారు మౌనంగా ప్రార్థించుకోమని తలవంచి నిలబడ్డారు. విటియర్ అనే కవి ఆ ఘట్టం మీద ఒక కవిత వ్రాశారు.

ఆ వేసవి ఎలా సాగిందంటే, పొద్దున్నే ఉపన్యాసం, తరువాత ఒడ్డున నత్తలు, పీతలు, సముద్రపు ప్రాణులు పట్టి తెచ్చి కోసి చూడటం, బొమ్మలు గీయటం. అగాసీ దాదాపు ప్రతి రోజూ పాఠం చెప్పారు, కొన్ని రోజులు రెండు పూటలా చెప్పారు. హిమానీనదాల గురించి కూడా చెప్పారు. అందుకు పెనికీస్‌ను మించిన తరగతి గది లేదు. ఆ దీవిలో ఉన్న మట్టీ రాళ్లూ మంచుయుగంలో ఉత్తరం నుండి వచ్చిన మంచు తెచ్చి పోసినవే. ఉపాధ్యాయులు కూర్చున్న నేలే వారి పాఠం. బడికి వెళ్లి ఏ పుస్తకం నుండి చెప్పాలని ఆలోచించక, మీ ఊరి చెరువులో, గుట్టలో, వాగులో ఏమి ఉందో ముందు చూసి, అది పిల్లలకు చూపండి అన్నది ఆయన బోధనకు సారం. ఒక ఉపాధ్యాయునికి ఈ అలవాటు వస్తే అతని ఉద్యోగ కాలంలో ఎన్ని వందల మంది పిల్లలకు చేరుతుందో ఆయనకు తెలుసు. పెద్ద శాస్త్రవేత్తలకు ఉపన్యాసం ఇవ్వగలిగిన ఆయన తన చివరి బలాన్ని బడిపంతుళ్ల మీద ఖర్చు చేయటానికి కారణం అదే.

ఆగస్టు చివర తరగతులు ముగిశాయి. 1873 డిసెంబరు 14న, తన 66వ ఏట, అగాసీ కన్నుమూశారు. కేంబ్రిడ్జి పట్టణం దగ్గరి మౌంట్ ఆబర్న్ శ్మశానంలో ఆయన సమాధి మీద శిల్పి చెక్కిన రాయి లేదు. ఆయన కొయ్యలు పాతి కొలిచిన ఆ ఆర్ హిమానీనదం దగ్గర నుండి తెచ్చిన బండరాయి ఉంది. మంచు మోసిన రాయిని మనుషులు సముద్రం దాటించి తెచ్చి పెట్టారు.

ఇప్పుడు రెండో వైపు. వస్తువును నీ కళ్లతో చూడు అని అందరికీ చెప్పిన మనిషి, తాను చూడదలచుకోని వాటిని చూడలేదు. 1859లో డార్విన్ పరిణామ సిద్ధాంతం వెలువడింది. ప్రాణులు కాలక్రమాన మారుతూ వచ్చాయన్న దానిని అగాసీ చివరివరకు ఒప్పుకోలేదు. మంచు వచ్చి ప్రాణులన్నిటినీ తుడిచిపెట్టిందనీ, తరువాత దేవుడు కొత్తగా సృష్టించాడనీ ఆయన నమ్మకం. అందుకు మంచు ప్రపంచమంతా కప్పి ఉండాలి. 1865-66లో బ్రెజిల్ వెళ్లి, అమెజాన్ లోయలో కూడా మంచుయుగపు గుర్తులు కనిపించాయని ప్రకటించారు. అది తప్పు. గ్లెన్ రాయ్ విషయంలో డార్విన్ తన తప్పు ఒప్పుకున్నారని పైన చెప్పాను. ఆ పెద్దరికం అగాసీకి లేకపోయింది.

ఇంతకన్నా బాధాకరమైనది మరొకటి ఉంది. మానవజాతులు వేర్వేరుగా సృష్టించబడ్డాయనీ, నల్లవారు తక్కువవారనీ ఆయన ప్రచారం చేశారు. 1850లో దక్షిణ కరోలినాలో బానిసలుగా ఉన్నవారిని వివస్త్రలను చేయించి ఫొటోలు తీయించారు. బానిసత్వాన్ని సమర్థించేవారికి ఆయన పేరు ఆయుధమయింది. కాలం దీనికి తీర్పు చెప్పింది. కేంబ్రిడ్జి పట్టణంలో ఆయన పేరుతో ఒక పాఠశాల ఉండేది. మరియా బాల్డ్విన్ అనే నల్లజాతి ఉపాధ్యాయిని 1889లో ఆ పాఠశాలకే ప్రధానోపాధ్యాయిని అయ్యారు. ఎవరి జాతి తక్కువదని అగాసీ చెప్పారో ఆ జాతి స్త్రీయే, ఆయన పేరున్న బడిని దశాబ్దాలపాటు ఎంతో సమర్థతతో నడిపారు. 2002లో ఆ పాఠశాలకు అగాసీ పేరు తీసివేసి ఆమె పేరు పెట్టారు. చదివినప్పుడు నాకు ఇది ఎంతో న్యాయంగా అనిపించింది. మరొక సంగతి వింటే నవ్వు వస్తుంది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ భవనం పైన ఉన్న అగాసీ విగ్రహం 1906 భూకంపంలో తలకిందులుగా పడి, తల నేలలో దిగబడి కాళ్లు పైకి నిలిచింది. భూమిని చదివిన మనిషికి భూమి చెప్పిన పాఠమని చమత్కరించుకోవచ్చు.

పెనికీస్ పాఠశాల ఏమయింది? 1874 వేసవిలో కుమారుడు అలెగ్జాండర్ అగాసీ మరొక్కసారి నడిపారు. డబ్బు చాలలేదు, మూతపడింది. 1905 నుండి 1921 వరకు ఆ దీవిలో కుష్ఠురోగుల ఆసుపత్రి ఉండేది. పాఠశాల లెక్క చూస్తే రెండు వేసవులు, అంతే. ఆడిట్ వారు వస్తే 50,000 డాలర్లు వృథా ఖర్చు అని అబ్జెక్షన్ వ్రాసేవారేమో. కాని ఆ రెండు వేసవుల్లో చదివినవారిని చూడండి. 1873లో వచ్చిన విలియం బ్రూక్స్ 1878లో చెసపీక్ అఖాతం దగ్గర పరిశోధనశాల ప్రారంభించారు. అదే సంవత్సరం వచ్చిన డేవిడ్ స్టార్ జోర్డన్ 1891లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి మొదటి అధ్యక్షులయ్యారు; మరుసటి సంవత్సరం అక్కడ సముద్రతీర పరిశోధనశాల వెలిసింది. మౌంట్ హోల్యోక్ బాలికల విద్యాలయం నుండి లిడియా షాటక్ 1873లోను, కార్నీలియా క్లాప్ 1874లోను వచ్చారు. ఆ క్లాప్ గారే 1888లో వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాల తెరిచినప్పుడు మొదటి సంవత్సరం నుండి అక్కడ పనిచేశారు. ఇక షేలర్ 1875లోనే కెంటకీలో కంబర్లాండ్ గ్యాప్ అనే కనుమ దగ్గర గుడారాలు వేసి భూగర్భశాస్త్ర వేసవి పాఠశాల నడిపారు. నాలుగు గోడల మధ్య కాకుండా కొండ పక్కనే రాళ్లు చూస్తూ నేర్చుకోవటం అక్కడి పద్ధతి. ఇందులో మరొక విశేషం, బ్రూక్స్, జోర్డన్, షేలర్ వీరందరూ గురువుగారి మాట కాదని పరిణామ సిద్ధాంతాన్ని ఒప్పుకున్నారు. ఆయన నేర్పినట్లే తమ కళ్లతో చూశారు, ఆయన చెప్పిన నిర్ణయానికి మాత్రం రాలేదు. మంచి శిక్షణకు ఇంతకన్నా గుర్తు ఏమి కావాలి?

ఆ వేసవి శిక్షణ ఆలోచన మన దేశానికీ వచ్చింది. 1963లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం, జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి అమెరికా సహాయంతో సైన్సు ఉపాధ్యాయులకు వేసవి సంస్థలు ప్రారంభించాయి. తరువాత వచ్చిన ఎన్నో ఓరియంటేషన్ కోర్సులకు మనం బిల్లులు వ్రాశాం. వీటిలో మంచివీ ఉన్నాయి. నోట్సు చెప్పి వ్రాయించి పంపినవీ ఉన్నాయి. తేడా ఎక్కడంటే, ఉపాధ్యాయుని చేతికి వస్తువు ఇచ్చారా, కాగితం ఇచ్చారా అన్న దగ్గరే.

వస్తువుకు మనకు కొరత లేదు. మంచుయుగమంటే ఆల్ప్స్‌కో అమెరికాకో వెళ్లాలనుకోవద్దు. 1856లో బ్లాన్‌ఫర్డ్ సోదరులు, వారి సహోద్యోగి ఒరిస్సాలోని తాల్చేరు దగ్గర పెద్ద గుండురాళ్లు సన్నని మట్టిలో కలిసి ఉన్న పొరను చూసి, మంచు తెచ్చి వేసినదని గుర్తించారు. అగాసీ పుస్తకం వచ్చి అప్పటికి పదహారేళ్లే అయింది. ఆ మంచు అగాసీ చెప్పిన మంచుయుగపుది కాదు, ఎంతో పూర్వపుది. సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితం మన భూభాగం దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉన్నప్పటిది. తాల్చేరు పొర అని పేరు పడిన ఆ రాళ్లు మన గోదావరి లోయలో కూడా, సింగరేణి బొగ్గు పొరలకు అడుగున ఉన్నాయి. మండుటెండల కొత్తగూడెం, రామగుండం ప్రాంతంలో ఒకప్పుడు మంచు ఉండేదంటే ఏ పిల్లవాడు కళ్లు పెద్దవి చేయడు? అయితే ఆ సంగతి పుస్తకంలో చదివి చెప్పే మాస్టారు వేరు, ఆ రాయిని ఒక్కసారి చేత పట్టుకుని వచ్చిన మాస్టారు వేరు.

మన సంఘ సభ్యుల ఇళ్లలో ఉపాధ్యాయులుగా పనిచేస్తున్న కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు ఎందరో ఉన్నారు. శిక్షణ తరగతికి ఆర్డరు వచ్చినప్పుడు సెలవులు పోయాయని వారు విసుక్కోవటం సహజం. అప్పుడు పెద్దవారిగా మనం వారికి అరవై ఆరేళ్ల వయసులో, జబ్బు శరీరంతో, పశువుల కొట్టాన్ని భోజనశాల చేసి పంతుళ్లకు పాఠం చెప్పిన ఈ మనిషి సంగతి చెబుదాం. ఆయన తప్పులు కూడా దాచకుండా చెబుదాం. తరగతికి వెళ్లి, అక్కడ నోట్సు వ్రాయించి పంపేటట్లు ఉంటే, దగ్గరలో ఉన్న కొండకో, వాగుకో, క్వారీకో తీసుకువెళ్లమని వినయంగా అడగమని చెబుదాం. అడిగే హక్కు వారికుంది. వారి వెనుక బల్లల మీద కూర్చుని ఎదురుచూసే పిల్లలలో మన మనుమలు, మనుమరాళ్లు కూడా ఉన్నారు.